ఆగినా ఫర్వాలేదు

అప్పు చేసి సోఫాలు కొనేవాళ్ళంటే నాకు అసహ్యం. ఆ విషయంలో నేను ఇప్పటికీ మారలేదు. కానీ ఆ ఎండాకాలం నా అసహ్యానికి హద్దంటూ ఉండేది కాదు. మా వీధిలో ఇరవై రెండు ఇళ్ళున్నాయి. మాది తీసేస్తే మిగిలిన ఇరవై ఒక్క ఇళ్ళవాళ్ళూ నాకు పూచికపుల్లతో సమానం. ఒకడి గుమ్మం ముందు వాయిదాల కారు, ఇంకొకడి గోడకి వాయిదాల టీవీ, మూలింటివాడైతే పెళ్ళిరోజు భోజనానికి కూడా అప్పు తెచ్చాడు. వాళ్ళలో ఎవరైనా ఎదురుపడి నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం వీడు ఎన్ని నెలల బాకీలో మునిగి ఉన్నాడో లెక్కగట్టుకునేవాణ్ణి.

నేను బస్సు డిపోలో డీజిలు గుమాస్తాని. ఏ బస్సు ఎన్ని లీటర్లు తాగింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ డ్రైవరు చేతిలో ఎంత వృథా అయింది, ఇదీ నా ఉద్యోగం. డిపో గేటు పక్కన ఒక బోర్డు ఉంటుంది. లీటరుకి ఎక్కువ దూరం తీసినవాళ్ళ పేర్లు పైన, తక్కువ తీసినవాళ్ళవి కింద. రోజూ దాన్ని రాసేది నేనే. ముప్పై ఏళ్ళు బండి నడిపినవాళ్ళు కూడా డ్యూటీ ఎక్కే ముందు అక్కడ ఆగి, తమ స్థానం చూసుకుని, ముఖం మాడ్చుకుని పోతుంటే నాకు భలే తృప్తిగా ఉండేది. మనిషి సరిగ్గా నడవాలంటే వాడి లెక్క నలుగురికీ కనబడేలా గోడ మీద రాసిపెట్టాలి. అంతకు మించిన సూత్రం ఈ లోకంలో లేదని నా నమ్మకం.

ఆ ఏడు ఎండలు మొదలవుతూండగా డిపోలో ఒక పుకారు లేచింది. ఏడాది తిరక్కుండా కరెంటు బస్సులొస్తాయట. కరెంటు బస్సుకి డీజిలు గుమాస్తాతో పనేముంది? ఆ రోజు ఇంటికొచ్చి బ్యాంకు పుస్తకం ముందేసుకున్నాను. పద్దెనిమిదేళ్ళ ఇంటి అప్పు. ఆరేళ్ళుగా కడుపు కట్టుకుని మిగిల్చినదల్లా ముందుగానే అసలుకి జమ కడుతూ వచ్చాను కాబట్టి ఇంకా ఇరవై రెండు నెలల వాయిదాలే మిగిలాయి. అవి తీరకముందే ఉద్యోగం పోతే ఇల్లు బ్యాంకు పాలు. తీరాక పోతే, పోనీ, నెత్తి మీద కప్పుంటుంది. సెలవులు అయిపోయి బడులు తెరిచే రోజుకి, అంటే పదకొండు వారాల్లో, ఆ ఇరవై రెండుని సున్నా చేస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

మా ఇంట్లోనూ ఒక బోర్డు ఉంది. మూడేళ్ళ కిందట డిపో పాతసామాన్ల గదిలో మూల విరిగి పడి ఉంటే మోసుకొచ్చి హాల్లో గోడకి కొట్టాను. ఎడమవైపు పైన పెద్ద అంకెల్లో బాకీ నెలలు. మధ్యలో మూడు వరసలు. నా వరసలో డిపోకి నడిచిన రోజులు, తాగిన టీలు. మా ఆవిడ బట్టల కొట్టులో ఆల్టరేషన్ల మిషను మీద పనిచేస్తుంది, సాయంత్రాలు ఇంటికి కూడా పని తెచ్చుకుంటుంది. ఆమె వరసలో కుట్టిన బట్టలు, కాలిన కరెంటు. అమ్మాయికి పదకొండేళ్ళు. దాని వరసలో చదివిన పేజీలు, పగలగొట్టిన వస్తువులు. కుడివైపు మాత్రం ఒక గీత గీసి, పైన 'ఆగినా ఫర్వాలేదు' అని రాశాను. అప్పు తీరేదాకా ఆపగలిగిన ఖర్చులన్నీ, మా ఆవిడ పుచ్చుపన్నుతో సహా, అక్కడ ఉంటాయి. కారే కుళాయి, హాలు కర్టెన్లు, అమ్మ పన్ను, ఫ్యాను, అమ్మాయి కళ్ళ పరీక్ష.

ఆ చివరిది రెండేళ్ళుగా అక్కడే ఉంది. బడికి ఎవరో నర్సు వచ్చి పిల్లల కళ్ళు చూసి, మా అమ్మాయిని పెద్ద డాక్టరుకి చూపించమని చీటీ ఇచ్చి పంపింది. పిల్ల అక్షరం పొల్లుపోకుండా చదువుతోంది, క్లాసులో మూడోదో నాలుగోదో వస్తోంది, దానికి కళ్ళకేమైంది? నర్సులకి చీటీలు రాయకపోతే పొద్దుపోదు అనుకున్నాను. మా ఆవిడ అడిగినప్పుడల్లా "రాశానుగా" అనేవాణ్ణి. రాస్తే పని సగం అయిపోయినట్టే అని నా లెక్క. నెలాఖరున బోర్డంతా తుడిచి కొత్తగా రాసేటప్పుడు ఆ మాట కూడా మళ్ళీ గుండ్రంగా, అందంగా రాసేవాణ్ణి.

సాయంత్రం భోజనాలయ్యాక అంకెలు మార్చడం నా పని. నేను రాశాక కింద చెక్క మీద రాలిన సుద్దపొడి తుడవడం అమ్మాయి పని. పొద్దున్నే తినే ముందు అది వంటింటి గుమ్మానికి వీపు ఆనించి నిలబడి బోర్డంతా గట్టిగా చదవాలి. అక్కడైతే లోపలున్న వాళ్ళమ్మకీ వినబడుతుంది. గుమ్మానికీ బోర్డుకీ మధ్య హాలు పొడుగంతా ఉంది. అది తల ఎడమ నుంచి కుడికి తిప్పుకుంటూ, ఎక్కడా తడబడకుండా గడగడా చదువుతుంటే, నేను కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. ఇరవై రెండు పంతొమ్మిది అయింది. డిపో పొదుపు సంఘంలో దాచుకున్నది మొత్తం తీసి కట్టేస్తే ఒక్క దెబ్బకి పన్నెండుకి వచ్చింది.

మా బావమరిది ఆ రోజుల్లోనే ఒక ఆదివారం వచ్చాడు. మా ఆవిడకి తమ్ముడు. వాడికి నేను పెట్టిన పేరు వాయిదాల దొర. వాడి మంచం, బీరువా, ఫోను, చివరికి వేసుకునే బూట్లు కూడా నెలనెలా కట్టేవే. చేతికి ఎముక లేని మనిషి, అదీ అవతలివాడి డబ్బుతో. ఐస్‌క్రీం డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. దాని ధర చూసి నాకు ఒళ్ళు మండింది. తింటూ తింటూ అమ్మాయి వంక చూశాడు.

"పిల్లేంటి బావా, టీవీకి ముక్కు ఆనించి చూస్తోంది? ఒకసారి కళ్ళు చూపించకూడదూ?"

లిస్టులో ఉందని చెప్పాను. తనకి తెలిసిన కళ్ళజోళ్ళ షాపు ఉందనీ, డబ్బులు నెలకింత చొప్పున ఇచ్చినా తీసుకుంటాడనీ వాడు అన్నాడు. అంతకన్నా నాకేం కావాలి? "చూశావా అమ్మా, మీ మామయ్యకి ముక్కు మీదికి కూడా వాయిదాలు కావాలి" అన్నాను. అమ్మాయి కిలకిలా నవ్వింది. వాడు కూడా నవ్వేశాడు, వాడికి సిగ్గు తక్కువ. మా ఆవిడ ఒక్కతే నవ్వకుండా గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

ఆ నెలలో అమ్మాయి మూడు గాజుగ్లాసులు పగలగొట్టింది. జగ్గుతో నీళ్ళు వంపుతుంటే సగం గ్లాసులో, సగం బల్ల మీద. కళ్ళు నెత్తి మీద పెట్టుకుని తిరుగుతున్నావా అని కేకలేసి, దాని వరసలో మూడు అంకె ఎర్ర సుద్దతో రాశాను. అది గాజుముక్కలు ఏరింది. కొన్నిటిని దాటిపోయి మళ్ళీ వెనక్కి వచ్చి, చేత్తో తడుముతూ ఏరింది. ఎంత నిర్లక్ష్యమో చూడు అనుకున్నాను.

ఆ తర్వాత వారం అదే నా దగ్గరికొచ్చి, తన సైకిలు అమ్మేయమని అడిగింది. నా చెవులని నేను నమ్మలేకపోయాను. మూడేళ్ళు పోరు పెట్టి కొనిపించుకున్న సైకిలు. అంత చిన్నపిల్లకి ఇంటి మీద ఎంత బాధ్యతో అని నా ఛాతీ ఉబ్బిపోయింది. మర్నాడు డిపోలో కనబడినవాడికల్లా చెప్పాను. మీ పిల్లలు బొమ్మలు కావాలని ఏడుస్తారు, నా కూతురు ఉన్న సైకిలు అమ్మి అప్పు కట్టమంటుంది అని. మా ఆవిడ మాత్రం పేచీ పెట్టింది.

"దానికా సైకిలంటే ప్రాణం. ఎందుకు వద్దంటోందో ఒక్క మాట అడగండి."

"నీకు లేని బుద్ధి దానికుంది. అది చూసి ఓర్చుకోలేకపోతున్నావు" అన్నాను. పెళ్ళాన్ని అలా అనేసి నెగ్గినట్టు తిరిగాను నేను. ఆ పిల్ల వీధి మలుపులో పోస్టు డబ్బాకి రెండుసార్లు గుద్దుకుందనీ, మూడోసారి పాలవాడి బండి కింద పడబోయిందనీ, ఆ భయంతోనే సైకిలు వద్దందనీ నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం దాని వరస పక్కన ఒక నక్షత్రం వేశాను. సైకిలు డబ్బు ఒక నెల వాయిదాకి కూడా సరిపోలేదు.

ఇంతలో డిపోలో డ్రైవర్ల కంటి పరీక్ష వచ్చింది. ఏటా డాక్టరు ఒక పూట వస్తాడు. గోడకి అక్షరాల చార్టు తగిలించడం, డ్రైవర్లని వరసలో నిలబెట్టడం, రిజిస్టరు రాయడం నా వంతు. చూపు తగ్గిన డ్రైవర్లు చేసే పని ఒకటుంది. ముందు రోజు ఏదో కాగితం కోసమన్నట్టు ఆఫీసులోకొచ్చి, చార్టులో చివరి మూడు వరసలూ బట్టీ పట్టి పోతారు. అందరికీ తెలిసిన మోసమే, ఎవరూ పైకి అనరు. ఆ ఏడు నేను పంతం పట్టాను. పాత చార్టుని సాయంత్రం దాకా అలాగే వేలాడనిచ్చి, పొద్దున్నే దాన్ని తీసేసి అదే సైజులో కొత్తది తగిలించాను.

పెద్ద డ్రైవరని డిపోలో ఒకాయన ఉండేవాడు. నా బోర్డు మీద ఎప్పుడూ అట్టడుగున ఉండే మనిషి. ఆయన వచ్చి నిలబడి, ఒక కన్ను మూసుకుని, పాత చార్టులో వరసలు తడుముకోకుండా చదివేశాడు. డాక్టరు నా వంక చూశాడు. నేను ఎంతో మర్యాదగా "మళ్ళీ ఒకసారి చదవండి పెద్దాయనా" అన్నాను. ఆయన మళ్ళీ అవే అక్షరాలు చదివాడు. వెనక వరసలో ఎవరూ కిక్కురుమనలేదు. ఆ నిశ్శబ్దం విన్నాక ఆయనకి అర్థమైంది.

"ఇంకో పద్నాలుగు నెలలుంటే రిటైరయ్యేవాణ్ణి సార్. ఎవరికీ బండి తగిలించలేదు నేను" అని మాత్రం అన్నాడు. ఆయన్ని బస్సు మీంచి దించి పార్సిల్ కౌంటర్లో కూర్చోబెట్టారు. నాకు జాలి వేయలేదు సరికదా, ఇంటికి నడుచుకుంటూ పోతూ ఈల వేశాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇదంతా అభినయించి మరీ చెప్పాను. ఆయన గొంతు, ఆయన నిలబడిన తీరు, అన్నీ. అమ్మాయి ముద్ద చేత్తో పట్టుకుని వింటోంది. ఆయన కావాలని మోసం చేశాడా అని అడిగింది. మోసం కాక మరేమిటి, కనబడనప్పుడు కనబడటం లేదని చెప్పాలి కదా అన్నాను.

"చెబితే ఏం చేస్తారు నాన్నా?"

"బస్సు దించేస్తారు."

"చెప్పకపోయినా దించేశారుగా."

"దొరికిపోతే బస్సుతోపాటు పరువు కూడా పోతుంది. అలాంటివాళ్ళని నమ్మి ఇంకెవరూ ఏ పనీ అప్పజెప్పరు" అన్నాను. భోజనం అయ్యాక నేను అంకెలు మార్చాను. అది గుడ్డ తీసుకుని బోర్డు దగ్గర కుర్చీ వేసుకుని ఎక్కి, రోజూ కన్నా ఎక్కువసేపే నిలబడింది. మూలమూలలా పొడి తుడుస్తోంది, పని నేర్చుకుంటోంది అని సంతోషించాను. ఇంత తెలివైన గుమాస్తాని నేను. డిపోలో నలభై మంది డ్రైవర్లలో ఒకణ్ణి పట్టుకున్నాను. నా ఇంట్లో, నా ఎదుటే, నా కూతురు రోజూ అదే పని చేస్తుంటే కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నాను.

బాకీ తొమ్మిదికి దిగాక నా మోటారుసైకిలు అమ్మకానికి పెట్టాను. బేరం కుదిరేసరికి బాగా పొద్దుపోయింది. నేను ఇంటికొచ్చేటప్పటికి అందరూ నిద్రపోయారు. ఆ డబ్బుతో తొమ్మిది నాలుగవుతుంది. నాకు నిద్ర పట్టలేదు. నాలుగు అంకెని ఇంత పెద్దది రాసి, పొద్దున్నే దాని గొంతుతో వినాలని మనసు పీకింది. తెల్లవారుతూనే లేచి, తడిగుడ్డతో బోర్డు మొత్తం తుడిచేశాను. శుభ్రంగా, మచ్చ లేకుండా తుడిచాను. తీరా చూస్తే డబ్బాలో సుద్దముక్క లేదు. అమ్మాయి బడి సంచిలో ఉంటుందేమో, లేవనీ, అడుగుదాం అని బల్ల దగ్గర కూర్చున్నాను.

అది లేచి, ముఖం కడుక్కుని, జడ సగం ఊడిపోయి ఉండగానే వచ్చింది. ఎప్పటిలాగే వంటింటి గుమ్మానికి వీపు ఆనించింది. సుద్ద ఎక్కడుందని అడగబోతున్నాను. అది మొదలెట్టేసింది.

"బాకీ, తొమ్మిది నెలలు. నాన్న, నడక ఆరు రోజులు, టీలు ఆరు. అమ్మ, బట్టలు పద్నాలుగు, కరెంటు పదకొండు. అమ్మాయి, పేజీలు ఇరవై, పగలగొట్టినవి మూడు."

ఆటపట్టిస్తోందనుకున్నాను. నిజం చెప్పాలంటే మొదట కోపం వచ్చింది, ఖాళీ బోర్డు ముందు నిలబడి నన్నే వెక్కిరిస్తావా అని. కానీ దాని ముఖంలో వేళాకోళం లేదు. తల మెల్లగా ఎడమ నుంచి కుడికి కదులుతోంది. కళ్ళు కాస్త చికిలించి, చాలా బుద్ధిగా, ఏమీ లేని ఆ ఆకుపచ్చ చెక్క మీద ఒక్కో వరసా దిగుతోంది.

"ఆగినా ఫర్వాలేదు. కారే కుళాయి, హాలు కర్టెన్లు, అమ్మ పన్ను, ఫ్యాను, అమ్మాయి కళ్ళ పరీక్ష. అయిపోయింది నాన్నా."

శభాష్ అంటానని ఎదురుచూస్తూ నిలబడింది. ఆ మాట రోజూ అంటాను. మా ఆవిడ రొట్టెల పళ్ళెం పట్టుకుని దాని వెనకాలే వచ్చింది. బోర్డు చూసింది. నా చేతిలో తడిగుడ్డ చూసింది. పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"శభాష్" అన్నాను నేను. ఆ మాట ఎలా వచ్చిందో, ఎందుకు వచ్చిందో నాకు తెలియదు.

మా ఆవిడ ఒక్క కేక కూడా వేయలేదు. కొట్టుకి ఫోను చేసి ఈ రోజు రానని చెప్పింది. అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి జడ వేసింది, అన్నం తినేటప్పుడు చీర కొంగుతో మూతి తుడిచినంత మామూలుగా వేసింది. చెప్పులేసుకోమంది. నేను బీరువాలోంచి అమ్మాయి కాగితాల ఫైలు తీసుకుని వెంట పడ్డాను. వీధిలోకి వచ్చాక, పిల్లకి వినబడకుండా, ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో చూడండి.

"రోజూ దాని చేతే చదివించారుగా" అంది. అంతే. నా ముఖం కూడా చూడలేదు.

కంటి ఆసుపత్రిలో టోకెన్లిచ్చే వరస గేటు దాకా ఉంది. బెంచీ మీద, మా ముందు, ఎవరు కూర్చుని ఉంటారు? పెద్ద డ్రైవరు. శుక్లాల ఆపరేషనుకి తేదీ తీసుకోవడానికి వచ్చాడట. నన్ను చూశాడు, అమ్మాయిని చూశాడు. అది గోడ మీది బాణం గుర్తు కనబడక వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నడవడం చూశాడు. ఒక్క మాట పుల్లవిరుపుగా అని ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. ఆయన లేచి తన టోకెను అమ్మాయి చేతిలో పెట్టి, నాది ఆలస్యమైనా ఏం కాదు తల్లీ, నువ్వు ముందెళ్ళు అన్నాడు. అంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. ఆ మంచితనం భరించలేక నేను మంచినీళ్ళ కుళాయి దగ్గరికి పోయి నిలబడ్డాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అమ్మాయి రెండు కళ్ళూ మార్చి మార్చి గంటసేపు చూసింది. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచే సరిగ్గా పనిచేయడం లేదట. పిల్ల అన్నాళ్ళూ కుడికన్ను ఒక్కదాంతోనే నెట్టుకొచ్చిందట. ఇప్పుడు ఆ కుడికంటికి దూరం చూపు తగ్గింది కాబట్టి బయటపడింది. కుడికంటికి అద్దాలిస్తే సరిపోతుంది. ఎడమదానికి మాత్రం అద్దాలతోపాటు, మంచి కన్ను మూసి దీన్ని రోజూ పని చేయించాలి. ఎంత వస్తే అంత. పూర్తిగా రాదు.

మా ఆవిడ ముందే వచ్చి ఉంటే అని అడిగింది. వయసు పెరిగేకొద్దీ కష్టం, రెండేళ్ళ ముందైతే చాలా తేడా ఉండేదని డాక్టరమ్మ అంది. బడిలో ఎప్పుడూ పరీక్ష చేయలేదా అని అడిగింది. నేను ఫైలు తెరిచాను. నర్సు చీటీ అందులోనే ఉంది, తేదీ వరసలో, అంచుకి రంధ్రాలు వేసి, నలగకుండా. పై మూల నా చేతిరాతతో ఎర్రసిరాతో 'ఆగినా ఫర్వాలేదు' అని ఉంది. డాక్టరమ్మ చీటీ చదివింది, ఆ మూల చదివింది, మళ్ళీ ఫైల్లో పెట్టి నా వైపు జరిపింది.

"ఫైలు బాగా పెట్టుకున్నారు" అంది.

పరీక్షకి తీసుకున్న రుసుము రసీదు కూడా నా దగ్గర ఉంది. మూడు లీటర్ల డీజిలు ఖరీదు. మా డిపోలో బండి కడిగేవాడు ఒక్క పూటలో నేల మీద ఒలకబోసేంత.

ఆ తర్వాత మా ఇంట్లో బోర్డు చదవడం ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ గుమ్మం దగ్గర నిలబడలేదు, అంతే. కొన్నాళ్ళకి చూస్తే మా ఆవిడ కుట్టుసుద్దతో ఒకే ఒక్క లైను రాసింది. 'కుడికంటికి మూత, నాలుగు నుంచి ఆరు.' ఆ రెండు గంటలూ ఆమె మిషను దగ్గరే కుర్చీ వేసి అమ్మాయిని కూర్చోబెట్టుకునేది. నాతో మాటలు మానలేదు. ఉప్పు అందించండి, తలుపు వేయండి, అలాంటివన్నీ మాట్లాడేది. ఇంతకు ముందు నన్ను చూస్తే ఆమెకి భయమో, విసుగో, ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు ఏమీ లేదు. నేను వీధిలోవాళ్ళని చూసినట్టు ఆమె నన్ను చూసేది.

అయినా నేను అప్పు కట్టడం ఆపలేదు. ఇది కూడా చెప్పాలి, నేనెలాంటివాణ్ణో తెలియాలి కదా. మిగిలిన సెలవులన్నీ డిపోకి అమ్మేశాను, ఆదివారాలు కూడా డ్యూటీకి పోయాను. మా బావమరిది కళ్ళజోడు బిల్లు తను కడతానని వస్తే, నువ్వెంత, నీ బతుకెంత అని తరిమేశాను. బడులు తెరవడానికి రెండు రోజుల ముందు చివరి వాయిదా కట్టాను. బ్యాంకు మేనేజరు లేచి నిలబడి చెయ్యి కలిపాడు. ఈ శాఖలో మీ అంత క్రమశిక్షణ ఉన్న ఖాతాదారుణ్ణి చూడలేదన్నాడు. నేను ఎంత పనికిమాలినవాణ్ణంటే, ఆ మాటకి లోపల ఎక్కడో పొంగిపోయాను కూడా. కరెంటు బస్సులు ఆ ఏడు రాలేదు. ఆ పై ఏడు కూడా రాలేదు. నేను ఇప్పటికీ డీజిలు గుమాస్తానే.

ఇంటి కాగితాలు తీసుకుని ఇంటికొచ్చేసరికి అయిదవుతోంది. లోపల మిషను తిరుగుతోంది. అమ్మాయి ఎందుకో ఆ రోజు హాల్లో బల్ల దగ్గర ఉంది. కొత్త కళ్ళజోడు, కుడి అద్దం వెనక తెల్లటి మూత. ముందర రంగుల పుస్తకం తెరిచి ఉంది. ఆరేళ్ళుగా ఈ రోజు గురించి నేను కన్న కల ఒక్కటే. ఈ కాగితం నా కూతురు గట్టిగా చదవాలి, నేను కళ్ళు మూసుకుని వినాలి. ఎన్ని తన్నులు తిన్నా మనిషికి అలవాటు పోదు. కాగితం దాని ముందు పరిచాను.

"చదువమ్మా. మన ఇంటి కాగితం."

అది పుస్తకం పక్కకి జరిపింది. కాగితం మీదికి వంగింది, ఇంకా వంగింది, ముక్కు ఆనేదాకా వంగింది. మొదటి లైను మీద వేలు పెట్టి కొంచెం కొంచెంగా జరిపింది. మళ్ళీ మొదటికి తెచ్చింది. మూత తీసి చూడొచ్చని దానికి తోచలేదు. ఆరు దాకా తీయకూడదని అమ్మ చెప్పింది, అది చెప్పింది చేసే పిల్ల. కాసేపటికి తల ఎత్తి, తప్పు చేసినట్టు నవ్వింది.

"ఇది ముందే చూసుకోలేదు నాన్నా. నువ్వు ఒక్కసారి చదువు, రేపు చెప్పేస్తాను."

లోపల మిషను ఆగింది. మా ఆవిడ బయటికి రాలేదు. నేను కాగితం చేతిలోకి తీసుకున్నాను. కుర్చీలో కూర్చుని మొదటి నుంచి, ఒక్కో మాటా, చదవడం మొదలెట్టాను. అమ్మాయి గడ్డం కింద చేతులు పెట్టుకుని, నా గొంతు వచ్చే వైపు ముఖం తిప్పి, పెదవులు కదుపుతూ గుర్తు పెట్టుకుంటోంది.